ఏడో తొట్టి కాపలాదారు

ఆ గురువారం ఉదయం మా ఇంట్లో ఉన్నవాళ్లు: మామ్మ, అమ్మ, అయ్య, నేను, పనికొలత ప్రత్యేకాధికారి నరహరి గారు, చేతిలో స్టాప్‌వాచీతో ఆయన సహాయాధికారి విజయగౌరి గారు, మంచినీళ్లు అడగడానికి వచ్చి మంచం మీద కూర్చుండిపోయిన వాళ్ల డ్రైవరు. గోడకి అవతల ఒక రొయ్య, ఒక చేప.

గోడకి అవతల ఉన్నవాళ్లని ఇంట్లోవాళ్లలో ఎందుకు కలిపానంటే, మాది విడి ఇల్లు కాదు. సముద్రతీరంలో ప్రభుత్వం కట్టిన సముద్రజీవుల ప్రదర్శనశాలకి వెనక గది. మా వంటింటి గోడా, ఏడో తొట్టి వెనక గోడా ఒకటే. మామ్మ పోపు వేస్తే అవతల రొయ్య టప్పుమని కొడుతుంది. రొయ్య కొడితే మామ్మ "ఆఁ, ఇన్నాను" అంటుంది. ఇంతకంటే తక్కువ మాట్లాడుకునే బంధువులు మాకు చాలామంది ఉన్నారు.

మా అయ్య సూరాడ దానేసు. ఒకప్పుడు వేటకి వెళ్లేవాడు. తెప్ప తిరగబడి కుడి భుజం జారిపోయాక వల లాగలేక ఈ ప్రదర్శనశాలలో కాపలాదారుగా చేరాడు. పదకొండేళ్లయింది. గది ఆ ఉద్యోగంతో వచ్చింది. ఉద్యోగం పోతే గదీ పోతుంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు గానీ, గవర్నమెంటు జీపు చప్పుడు వినిపిస్తే అమ్మ ముందు వంటసామాను వైపు చూస్తుంది.

ప్రదర్శనశాలలో తొమ్మిది తొట్లు ఉన్నాయి. వాటిలో పగడపు రాళ్లు, దక్షిణాది సముద్రం నుంచి గాలి నింపిన సంచుల్లో తెచ్చిన రంగురంగుల చేపలు. చూడడానికి వచ్చినవాళ్లు నాలుగో తొట్టి దగ్గర ఆగుతారు, ఎనిమిదో తొట్టి దగ్గర ఫోటో తీసుకుంటారు. ఏడో తొట్టి దగ్గర ఎవరూ ఆగరు. అక్కడ నేను కూర్చుంటాను.

ఏడో తొట్టిలో చేప నా చూపుడువేలంత ఉంటుంది. తెల్లటి ఒంటి మీద ఇటుకరంగు పట్టీలు, చెంప మీద నీలం చుక్కలు. బోర్డు మీద పేరు గోబీ. దానికి ఇల్లు కట్టుకోవడం రాదు. రొయ్యకి వచ్చు, కానీ రొయ్యకి కళ్లు సరిగా కనపడవు. దాని పెద్ద డెక్క వేళ్లతో చిటికె వేసినట్టు చప్పుడు చేస్తుంది కాబట్టి మా ఊళ్లో దాన్ని చిటికె రొయ్య అంటారు. అది పగడపు రాయి కింద ఇసకలో కలుగు తవ్వుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా లోపల్నించి ఇసక తోసుకొచ్చి బయట పోస్తుంది. పోసినదాంట్లో సగం మళ్లీ లోపలికి జారుతుంది. మళ్లీ తోస్తుంది. చేప మాత్రం ఒక్క రేణువు కూడా ఎత్తదు. గుమ్మం ముందు పొట్ట ఆనించి కూర్చుంటుంది. రొయ్య బయటికి వచ్చినంతసేపూ తన పొడుగాటి మీసం ఒకటి చేప తోక మీద వేసి ఉంచుతుంది. పెద్ద చేప నీడ ఏదైనా పైనుంచి పోతే చేప తోక చిన్నగా ఆడిస్తుంది. రొయ్య లోపలికి జారుకుంటుంది. మరీ ప్రమాదమైతే చేప కూడా తలకిందులుగా లోపలికి దూకేస్తుంది. సాయంత్రం లైట్లు తీసే వేళకి చేప లోపలికి వెళ్తుంది. అప్పుడు రొయ్య లోపల్నించి పగడపు ముక్కలు అడ్డం పెట్టి తలుపు మూస్తుంది. చేప లోపలికి వెళ్లకుండా మూయడం రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇదంతా నా నోటుబుక్కులో ఉంది. రోజుకి తోక ఎన్నిసార్లు ఆడించిందో కూడా ఉంది. స్కూల్లో సారు లేపి ప్రశ్న అడిగితే నాకు జవాబు తెలిసినా గొంతు దాటి రాదు. ఏడో తొట్టి దగ్గర ఎవరూ ఏమీ అడగరు. చేప కూడా ఎవరితో ఏమీ అనదు. అయినా దాని పని అది చేస్తూనే ఉంటుంది.

ఇక పనికొలత సంగతి. ఆ యేడు పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ సంస్థలలో పనిచేసే ప్రతి మనిషినీ ఒక గంట సేపు గమనించాలి. ఆ గంటలో కాళ్లూ చేతులూ నలభై నిమిషాలకు మించి కదలకుండా ఉంటే అది 'నిశ్చల పోస్టు'. నిశ్చల పోస్టులు రద్దు. మా మండలంలో అప్పటికే ఏడు చోట్ల కొలత అయిపోయింది. లైబ్రేరియన్ పై అరలో పుస్తకాలు కింది అరకి, కింది అరలోవి పై అరకి మార్చి గట్టెక్కాడు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు, ఆ రోజు ఒక్క గేదె కూడా రాకపోవడంతో, ఆవరణ చుట్టూ పదహారుసార్లు తిరిగి తర్వాత రెండు రోజులు సెలవు పెట్టాడు.

అమ్మ ముందురోజే అయ్యకి చెప్పింది, కనీసం చీపురైనా పట్టుకోమని. అయ్య వినలేదు. తలుపు పక్కన స్టూలు మీద రోజూ కూర్చున్నట్టే కూర్చున్నాడు. విజయగౌరి గారు స్టాప్‌వాచీ నొక్కారు. అరవై నిమిషాల్లో యాభై తొమ్మిది నిమిషాలు అయ్య కదల్లేదు. మధ్యలో ఒక పిల్ల ఐదో తొట్టి మూత ఎత్తి ముల్లుతోక ఉన్న చేప మీద చెయ్యి వేయబోయింది. అయ్య గొంతు సవరించాడు. పిల్ల చెయ్యి తీసేసింది. విజయగౌరి గారు పట్టిక అంతా వెతికారు. కాళ్లకి గడి ఉంది, చేతులకి గడి ఉంది. గొంతుకి లేదు.

కొలత అయ్యాక టీకి మా గదిలోకి వచ్చారు. అలా ఆ గురువారం ఉదయం అంతమంది మా ఇంట్లో ఉన్నారు.

నరహరి గారు మంచి మనిషి. గ్లాసు తనే కడిగి ఇస్తానన్నారు. పోస్టు రద్దు సంగతి బాధగానే మొదలుపెట్టారు. అంతలో మామ్మ పోపు వేసింది. గోడ టప్పుమంది. నరహరి గారి చేతిలో టీ తొణికింది. అదేమిటని అడిగారు. మామ్మ రొయ్య సంగతి, చేప సంగతి మొదట్నించి చెప్పింది. ఆయన లేచి ఏడో తొట్టి దగ్గరికి వెళ్లారు. అక్కడ అయ్య చెప్తే నేను రాసిన అట్టముక్క ఉంది: 'ఈ చేప ఈ రొయ్యకు కాపలాదారు.' నరహరి గారు దాన్ని రెండుసార్లు చదివి, అద్దానికి ముక్కు ఆనించి అరగంట నిలబడ్డారు. వెనక్కి తిరిగేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"దానేసూ, రొయ్య శ్రమిస్తోంది. చేప కూర్చుంది. ఇది ప్రకృతిలోనే సహజముగా ఏర్పడిన కాపలాదారు పోస్టు. నీ మీద ప్రయోగం చేయడం అమానుషం. కావున ముందు చేప మీద చేద్దాం."

ప్రయోగం ఏమిటంటే, చేపని పదిరోజులు తీసేసి చూడాలి. కాపలాదారు లేకుండా రొయ్య క్షేమంగా ఉంటే, కాపలాదారు అనే పోస్టు ప్రకృతికే అవసరం లేదని తేలుతుంది. ప్రకృతికి అవసరం లేనిది ప్రభుత్వానికి ఎందుకు?

"ఉండలేకపోతే బాబూ?" అని మామ్మ అడిగింది.

"అప్పుడు మీవాడి స్టూలు జోలికి నేను రాను."

ఆ మాటతో మా గది, మా వంటసామాను, అయ్య స్టూలు, అన్నీ ఏడో తొట్టిలో ఉన్న గుడ్డి రొయ్య మీదికి వెళ్లి కూర్చున్నాయి.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. గోబీ చేపను ఏడో తొట్టి నుండి మూడో తొట్టికి తాత్కాలికముగా బదిలీ చేయడమైనది. దూరం నాలుగడుగులు. అయినా నిబంధన ప్రకారం ప్రయాణానికి ఒకరోజు గడువు ఇచ్చారు. ఆ ఒకరోజూ చేప బక్కెట్లో ఉంది. కొత్తచోట చేరినట్టు చేరిక పత్రం మీద ఉద్యోగి సంతకం కావాలట. విజయగౌరి గారు చాలాసేపు ఆలోచించారు.

మామ్మ వంటింట్లోంచే అంది: "తోక ముద్ర ఏయించండమ్మా. సేతులుంటే కదా సంతకం ఎట్టడానికి."

విజయగౌరి గారికి నవ్వొచ్చింది. కానీ నరహరి గారు చూస్తుండడంతో నవ్వలేదు. చివరికి అయ్య చేపకి బదులు సంతకం పెట్టాడు.

మూడో తొట్టిలో కలుగు లేదు, రొయ్య లేదు. చేప ఒకసారి తొట్టంతా తిరిగి, గాలి బుడగలు వచ్చే గొట్టం పక్కన ఇసక మీద పొట్ట ఆనించి కూర్చుంది. గొట్టానికి కాపలా కాయడం మొదలుపెట్టింది. పైనుంచి నీడ పోతే తోక ఆడించేది. గొట్టం పట్టించుకునేది కాదు.

ఏడో తొట్టిలో మొదటిరోజు రొయ్య గుమ్మం దాకా వచ్చింది. మీసం బయటికి చాచింది. ఎడమవైపు వెతికింది, కుడివైపు వెతికింది. చాలాసేపు గాల్లో వేలు పెట్టినట్టు అలాగే నీళ్లలో ఉంచింది. తర్వాత లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం లైట్లు తీసేశాక కూడా తలుపు మూయలేదు. రెండోరోజు మీసం ఒక్కసారే బయటికి వచ్చింది. మూడోరోజు మధ్యాహ్నం రొయ్య పగడపు ముక్కలు తెచ్చి లోపల్నించి తలుపు మూసేసింది. ఇసక తోయడం లేదు. అయ్య గుమ్మం ముందు వేసిన తిండి అక్కడే ఉండిపోయింది.

విజయగౌరి గారు రోజూ వచ్చి తొట్టి ముందు గంటసేపు కూర్చునేవారు. 'ప్రమాద సంఘటనలు: సున్న' అని రాసుకుని వెళ్లేవారు.

నాలుగోరోజు నేను ఒక పని చేశాను. నా నోటుబుక్కు తీసుకెళ్లి ఆమె టీ గ్లాసు పక్కన పెట్టాను. చేప ఉన్నప్పుడు రొయ్య ఎంత తవ్వేదో, ఎంత తినేదో, ఎన్నిసార్లు బయటికి వచ్చేదో అంతా అందులో ఉంది. చదివితే తెలిసిపోతుంది కదా అనుకున్నాను. ఆమె చదివారు. మొత్తం చదివారు. మధ్యలో ఒకచోట ఆగి నా వైపు చూసి, చాలా బాగా రాశావమ్మా అన్నారు. ఎవరైనా అలా అనడం నాకు అదే మొదటిసారి. సాయంత్రం దాకా నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

మర్నాడు నరహరి గారు నా నోటుబుక్కు పట్టుకుని వచ్చారు. తోక ఆడించిన లెక్కల దగ్గర ఎర్ర పెన్సిలుతో గీతలు ఉన్నాయి.

"కాపలాదారు విధుల్లో ఉండగా ప్రమాద సూచనలు రోజుకు సగటున నలభై ఒకటి. తొలగించిన పిమ్మట సున్న. దీనిని బట్టి, ప్రమాదమునకు మూలము కాపలాదారే అని నిర్ధారణ అగుచున్నది."

అయ్య స్టూలు మీంచి లేచాడు. ఆయన ముందు నిలబడి మాట్లాడడం అయ్యకి అలవాటు లేదు.

"అది బయపడి బయటికే రావట్లేదు బాబూ. తిండి తింతం లేదు. ఇల్లు తవ్వుకోటం లేదు."

"బయటికి రాకపోవడమే భద్రత, దానేసూ," అన్నారు నరహరి గారు మెత్తగా.

అయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు. నోటుబుక్కు బాగానే ఉందా, చిరగలేదు కదా అన్నట్టు చూశాడు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. ఇంట్లోకి వచ్చాక అమ్మ గిన్నెలు తోముతూ, నా వైపు తిరక్కుండా అంది:

"రాసుకుంతే రాసుకున్నావు. సదవమని ఇవ్వడం ఏలే?"

పదిరోజులు పూర్తయ్యాయి. రొయ్య చనిపోయిందని ఎవరూ నిరూపించలేదు కాబట్టి క్షేమంగా ఉన్నట్టే. చేపని వెనక్కి పంపే ఉత్తర్వు మాత్రం రాలేదు. ఇక రెండో దశ. అయ్యని పదిరోజులు స్టూలు మీద కూర్చోకుండా ఆపారు. స్టూలుకి తాడు కట్టి సీలు వేశారు. తలుపు తాళం తీయడం, వేయడం కాపలాదారు విధి. కాపలాదారు విధుల్లో లేడు. వేరేవాళ్లకి అధికారం లేదు. కాబట్టి ప్రదర్శనశాల పదిరోజులూ తాళం వేసే ఉంది. అయ్య మా వంటింటి తలుపు లోంచి తొట్ల దగ్గరికి వెళ్లి అన్నిటికీ తిండి వేసి, నీళ్లు మార్చి వచ్చేవాడు. అది పట్టికలో లేని పని కాబట్టి ఎవరూ ఆపలేదు.

పక్క మండలం నుంచి ఒక స్కూలు వాళ్లు బస్సులో వచ్చారు. పిల్లలు తాళంకప్పని చూసి, కిటికీ లోంచి ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు ఎక్కి మూడో తొట్టి కొన చూసి వెళ్లిపోయారు. వాళ్ల మాస్టారు ఫిర్యాదు రాస్తానన్నాడు. ఫిర్యాదుల పుస్తకం లోపల ఉంది.

నివేదిక వచ్చింది. ఆ పదిరోజుల్లో పగిలిన అద్దాలు లేవు, తొట్లో చెయ్యి పెట్టిన పిల్లలు లేరు, నేల మీద చెత్త లేదు, ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు. సంస్థ ప్రారంభమైనప్పటినుండి ఇంతటి ప్రశాంతత నెలకొనలేదని నరహరి గారు రాశారు. అది నిజమే.

పైవాళ్లకి ఆ నివేదిక బాగా నచ్చింది. 'ఏడో తొట్టి నమూనా' అని పేరు పెట్టి జిల్లా అంతా అమలు చేశారు. హాస్టలు వాచ్‌మన్‌ని తీసేశారు, హాస్టలు గేటు మూశారు, పిల్లలు గోడ దూకి స్కూలుకి వెళ్లారు. గోదాము కాపలాదారుని తీసేశారు. బియ్యం ఒక్క గింజ పోలేదు, ఒక్క గింజ బయటికీ రాలేదు. ఆసుపత్రి గేటు దగ్గర కూడా మొదలుపెట్టారు గానీ, ఒక గర్భిణి బంధువులు గేటునే తీసి పక్కన పెట్టడంతో అక్కడ నమూనా విఫలమైనట్టు కాదు, వాయిదా పడినట్టు రాశారు. నరహరి గారికి శాలువా కప్పారు. ఆ ఫోటో పేపర్లో పడింది. ఆయన వెనక గోడ మీద ఏడో తొట్టి బొమ్మ వేలాడదీశారు. బొమ్మలో చేప లేదు. తలుపు మూసిన కలుగు ఒక్కటే ఉంది.

ఆ పేపరు వచ్చిన రోజే మాకు నోటీసు వచ్చింది. నెలాఖరుకి గది ఖాళీ చేయాలి.

అమ్మ వంటసామాను వైపు చూసింది. మామ్మ వంట మొదలుపెట్టింది. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరప వేసింది. మేమందరం గోడ వైపు చూశాం. గోడ పలకలేదు. మామ్మ ఇంకోసారి ఇంకొన్ని ఆవాలు వేసింది, పప్పుకి అక్కర్లేకపోయినా. చాలాసేపటికి లోపలెక్కడో చిన్న చప్పుడు, గోరుతో గీరినంత.

"బతికే ఉన్నాది," అంది మామ్మ. తర్వాత అయ్యతో, "ఒరే దానేసూ, ఆ సేపని తీసి ఇందులో ఎయ్యరా. ఎవుడు సూడొచ్చాడు?"

"ఉత్తర్వు లేకుండా కదపకూడదమ్మా," అన్నాడు అయ్య. "మూడో తొట్టి కాడ సంతకం ఎట్టింది నానే."

పదకొండేళ్లలో అయ్య సంతకం పెట్టి తప్పింది లేదు. సరే, ఉత్తర్వే కావాలంటే ఉత్తర్వే రాద్దామనుకున్నాను. నరహరి గారి కాగితాలు పదిసార్లు చదివేసరికి ఆ భాష నాకు వచ్చేసింది. తెల్లకాగితం తీసి రాశాను:

'తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు, పోలిక నిమిత్తము, ఏడో తొట్టి కాపలాదారుని తన పూర్వస్థానమునందును, ప్రదర్శనశాల కాపలాదారుని తన పూర్వపు స్టూలుపైనను, నివాసముతో సహా, యథావిధిగా కొనసాగించవలెను.'

'నివాసముతో సహా' అనే మాట ముందు వేరే కాగితం మీద రాసి చూసుకున్నాను.

అయ్యా నేనూ బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్లాం. మేడ మీద నరహరి గారి గది. గది ముందు వరండా నిండా మనుషులు. హాస్టలు వాచ్‌మన్లు, గోదాము వాళ్లు, ఇంకా ఎవరెవరో. తలుపు లోపల్నించి గడియ వేసి ఉంది. అయ్య పక్కనున్నాయన్ని అడిగితే అసలు సంగతి తెలిసింది. నరహరి గారు న్యాయంగల మనిషి. నియమం అందరికీ ఒకటే అని, తన గది ముందు స్టూలు మీద కూర్చునే బంట్రోతు అప్పలస్వామి పోస్టును కూడా తనే సంతకం పెట్టి రద్దు చేశారు. అప్పలస్వామి ముప్పయ్యేళ్లుగా ఆ స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడట. అతను వెళ్లిన మర్నాడు ఉదయం ముప్పైరెండు మంది తిన్నగా లోపలికి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం నుంచి గది లోపల గడియ. వారం రోజులుగా ఆయన పొద్దున్నే ఎవరూ రాకముందు వచ్చి, అందరూ పోయాక వెళ్తున్నారు. వారంలో ఒక్క ఫైలు కూడా కదల్లేదు. ఫిర్యాదులు కూడా లేవు, తీసుకునేవాళ్లు లేక.

అయ్య మా నోటీసుకి జిరాక్సు తీయించాలని కిందకి వెళ్తూ నన్ను తలుపు పక్కన కూర్చోమన్నాడు. "వంతు పోకుండా సూసుకో, హేమా."

కూర్చోడానికి అప్పలస్వామి స్టూలు ఒక్కటే ఖాళీగా ఉంది. కూర్చున్నాను. జిరాక్సు మిషను దగ్గర ఎంత రద్దీ ఉందో, అయ్య తొందరగా రాలేదు. నోటీసు అయ్య దగ్గర, నేను రాసిన కాగితం నా దగ్గర. ఒంటిగంటకి వరండాలోవాళ్లంతా భోజనాలకి దిగిపోయారు. అంత పెద్ద వరండాలో నేనొక్కదాన్నే మిగిలాను.

కాసేపటికి గడియ మెల్లగా తీసిన చప్పుడైంది. తలుపు రెండంగుళాలు తెరుచుకుంది. సందులోంచి పొడుగాటి చెక్క స్కేలు ఒకటి బయటికి వచ్చింది. ఎడమవైపు వెతికింది, కుడివైపు వెతికింది. నా మోచేతికి తగిలి ఆగింది.

"అప్పలస్వామీ?" అని లోపల్నించి గొంతు.

నాకు జవాబు తెలుసు. గొంతు దాటి రాలేదు. కదలకుండా కూర్చున్నాను. ఆయనకి అది చాలినట్టుంది. తలుపు ఇంకొంచెం తెరిచి, గెడ్డం మాసిన నరహరి గారు నా మొహమైనా చూడకుండా ఫైళ్ల కట్ట ఒకటి తోసుకుంటూ బయటికి వచ్చారు. వరండా చివర ఉన్న బీరువా పక్కన పెట్టి, గబగబా వెనక్కి వెళ్లి ఇంకో కట్ట తెచ్చారు. లోపలికి వెళ్లిన ప్రతిసారీ సందులోంచి స్కేలు వచ్చి నా మోచేయి తగిలి చూసేది. నేను ఉన్నాను. ఆయన ఇంకో కట్ట తెచ్చేవారు. వారం రోజుల పని.

మూడో కట్టప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు చెక్క మీద వేలితో ఒకసారి కొట్టాను. ఆయన లోపలికి జారుకున్నారు. వచ్చింది వరండా ఊడ్చే ఆమె. ఊడ్చి వెళ్లిపోయింది. స్కేలు మళ్లీ వచ్చింది.

ఈసారి నా కాగితం మడిచి స్కేలు కొసకి తగిలించాను. స్కేలు లోపలికి వెళ్లింది. 'ఏడో తొట్టి' అన్న మాట కనపడి ఉంటుంది. అది ఆయన సొంత పథకం. కాగితం స్కేలు మీదే తిరిగి వచ్చింది. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం. ఇంకా తడి ఆరలేదు. పక్కన చిన్నగా, 'వెంటనే అమలు' అని కూడా ఉంది.

నా పని అయిపోయింది. కాగితం తీసుకుని కిందకి పరుగెత్తి అయ్యకి ఇస్తే చాలు. చీకటి పడకముందే ఇంటికెళ్లి చేపని ఏడో తొట్టిలో వేయవచ్చు. లేవబోయాను. అప్పటికి నరహరి గారు వరండా చివర బీరువా దగ్గర ఉన్నారు. రెండు చేతుల్లో ఫైళ్లు, కళ్లజోడు నుదుటి మీద, స్కేలు చంకలో. అప్పుడు మెట్ల మీద మళ్లీ చప్పుడైంది. ఈసారి చెప్పులు కాదు, బూట్లు. మలుపులోంచి ముగ్గురు పైకి వస్తున్నారు. రాజధాని నుంచి వచ్చినట్టున్నారు, మెడలో గుర్తింపుకార్డులు. ముందున్నాయన చేతిలో స్టాప్‌వాచీ. విజయగౌరి గారిదానికంటే పెద్దది. రెండో ఆయన పట్టిక తీసి, తలపైకెత్తి గదుల నంబర్లు చదువుతున్నాడు.

నేను ఆలోచించలేదు. నా చెయ్యి నన్ను అడగలేదు. తలుపు చెక్క మీద రెండుసార్లు గట్టిగా కొట్టాను.

నరహరి గారు ఫైళ్లు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. నా పక్కనించి, నా జడ తగిలేంత దగ్గర్నించి లోపలికి దూకారు. కాగితం గుండెకి ఆనించుకుని నేను కూడా ఒక అడుగు లోపలికి వేయబోయాను. ఏడో తొట్టిలో అయితే రొయ్య చేపని లోపలికి రానిచ్చాకే తలుపు మూస్తుంది.

ఆయన నా మొహం మీదే తలుపు మూసి గడియ పెట్టేశారు.